ఖాళీ గ్లాసులో పద్దెనిమిది

పోయిన వారం మీరు నన్ను ఇంక్యుబేటరు ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి వెళ్ళారు. ఆ నోరు నేనింకా మూయలేదు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మాది చిన్న ల్యాబు. ఫ్యాక్టరీలు పారేసే చెత్తలో విషం ఉందో లేదో తేల్చి చెప్పడం మా పని. తేల్చేది మేం కాదు, ఆవగింజంత కూడా ఉండని నీటిపురుగులు. డాఫ్నియాలంటారు వాటిని. చెత్తను ఒక రోజంతా నీళ్ళలో ఊరబెట్టి, ఆ ఊటను తేర్చి, పుట్టి ఒక్క రోజైనా నిండని డాఫ్నియా పిల్లల్ని అందులో వదులుతాం. రెండు రోజులయ్యాక ఎన్ని ఈత మానేశాయో లెక్కపెడతాం. మా జాడీల్లో ఉన్నవన్నీ ఆడవే. మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి, పుట్టేవి మళ్ళీ ఆడపిల్లలే. నీళ్ళు చెడితేనో తిండి చాలకపోతేనో తప్ప మగవి పుట్టవు, అందుకే మగపిల్లాడు పుట్టాడంటే మా ల్యాబులో అది దుర్వార్త. వాటిని మేం అమ్మాయిలు అంటాం. మేం అంటే ఎంతమందో అనుకునేరు. నేనూ, మా మావయ్యా. అమ్మకి స్వయానా తమ్ముడు. ల్యాబు ఆయనది, లైసెన్సు ఆయన పేరు మీదుంది, పన్నెండేళ్ళ కిందట నాకు ఈ పని చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే.

మా వీధికి అర కిలోమీటరు ఎగువన ఒక ఫ్యాక్టరీ ఉంది. ఇనుప సామానుకి మెరిసే పూత వేస్తారక్కడ. వాళ్ళ బురదకి మూడేళ్ళుగా పరీక్ష చేస్తున్నాం, మూడేళ్ళుగా అది పాసవుతోంది. ఈసారి పాసైతే ఎనభై లారీల బురద వీధి వెనకున్న పాత రాళ్ళ క్వారీలో పోస్తారు. ఫెయిలైతే ఎక్కడో దూరంగా, అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిచిన గోతికి తీసుకెళ్ళాలి. క్వారీ అడుగున ఏ ప్లాస్టిక్కూ లేదు. అక్కడ పోసింది ఏదైనా చివరికి మా వీధి బోర్లలోకే దిగుతుంది.

నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, ఆ బురద ఊటలో మా అమ్మాయిలు మరీ హాయిగా ఉన్నాయి. ఇంకో వారం వదిలేస్తే అందులోనే కాపురం పెట్టేలా ఉన్నాయి. సోమవారం పది గంటలకి పరీక్ష పెట్టినప్పుడు, మావయ్యకి చెప్పకుండా, కాలేజీలో నాకు తెలిసిన లెక్చరరమ్మ దగ్గర ఒక సీసా డాఫ్నియాలు అడిగి తెచ్చి, వాటి పిల్లల్ని కూడా పక్కనే పెట్టాను. మంగళవారం పదింటికి తలుపు తీస్తే ఊట కప్పుల్లో మా అమ్మాయిలు ఇరవైకి ఇరవై ఈదుతున్నాయి. కాలేజీ అమ్మాయిలు ఇరవైకి ఇరవై అడుగున పడి ఉన్నాయి. ఊట ఒకటే, రోజు ఒకటే, కప్పులు ఒకటే. పోయిన వారం మిమ్మల్ని వదిలింది అక్కడే.

ఇవాళ బుధవారం. పదింటికి చివరి లెక్క. నాలుగింటికి రిపోర్టు కోసం ఫ్యాక్టరీ గుమాస్తా వస్తాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు ‘అయిపోయిందా’. ఫోనెత్తగానే హలో అనడు, అయిపోయిందా అంటాడు. పొద్దున తొమ్మిదింటికే రెండుసార్లు చేశాడు.

రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిదిన్నరకే వచ్చి గది తుడిచాను. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాను. ఇంక్యుబేటరు ముందు కుర్చీ వేసుకున్నాను, లేచాను, కుర్చీ తీసి పక్కన పెట్టాను. పదికి ఐదు నిమిషాలుందనగా ఇక ఆగలేక తలుపు తీసేశాను.

లెక్కకి ఒక పద్ధతుంది. కప్పు తీసి మెల్లగా ఒక్కసారి తిప్పాలి. తిప్పి, పదిహేను లెక్కపెట్టాలి. ఆలోపు పురుగు కదిలి ఈదితే బతికున్నట్టు, కదలకపోతే పడిపోయినట్టు. ముందు ఊట కప్పులు చూశాను. నిన్నటి మాటే. మావి అన్నీ ఈదుతున్నాయి, కాలేజీవి అన్నీ పోయాయి. తర్వాత ఉత్తనీళ్ళ కప్పులు తీశాను. వీటిలో ఊట కలపం, మా మామూలు నీళ్ళే ఉంటాయి. ఇందులో పిల్లలు బతికి తీరాలి. ఇరవైలో రెండు పోతే ఫరవాలేదు. మూడు పోయాయంటే ఆ పరీక్ష మొత్తం చెల్లదు, ఎందుకంటే మంచినీళ్ళలోనే బతకలేనిది విషంలో పోయిందంటే ఎవరు నమ్ముతారు. నిన్న చూసినప్పుడు ఆ కప్పుల్లో ఒకటో రెండో డీలాపడి కనిపించాయి, కొత్త చోటు కదా అని ఊరుకున్నాను.

ఇవాళ కాలేజీ అమ్మాయిలు ఉత్తనీళ్ళలో ఇరవైకి పద్నాలుగు పడిపోయాయి.

రెండోసారి తిప్పాను. మూడోసారి తిప్పాను. తిప్పితే లేస్తాయా.

సరిగ్గా అప్పుడే మావయ్య వచ్చాడు. రావడమే హుషారుగా వచ్చాడు, సైకిలు తాళం వేలికి తిప్పుకుంటూ. ఇక దాచి లాభం లేదని కాలేజీ సీసా సంగతి, లెక్చరరమ్మ సంగతి, కప్పుల సంగతి మొత్తం కక్కేశాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. అంతా విని, చొక్కా చేతులు మడుచుకుని, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో తీర్పు చెప్పేశాడు. ఉత్తనీళ్ళలో పద్నాలుగు పోయాయి కాబట్టి కాలేజీ పురుగుల పరీక్ష చెల్లదు. అవి జబ్బు పురుగులు. మనవి ఉత్తనీళ్ళలో ఇరవైకి ఇరవై ఉన్నాయి కాబట్టి మన పరీక్ష చెల్లుతుంది. ఊటలో విషం లేదు. రిపోర్టు టైపు చెయ్యి.

రూలు ప్రకారం ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఒళ్ళు మండింది నాకు. రూలు తప్పని ఎలా అంటాను, ఆ రూలు నాతో వల్లె వేయించింది ఈయనే కదా.

నేనూ నోరు మూసుకుని టైపు చెయ్యడానికి కూర్చున్నాను. నిజంగా కూర్చున్నాను. తేదీ కొట్టాను, ఫ్యాక్టరీ పేరు కొట్టాను. మూడో లైనుకి వచ్చేసరికి చూపు కిటికీ గట్టు మీదున్న సీసా మీద పడింది. లెక్చరరమ్మ ఇచ్చిన సీసా. పిల్లల్ని ఏరుకోగా మిగిలిన తల్లులు సోమవారం నుంచి అందులోనే ఉన్నాయి, వాళ్ళ కాలేజీ నీళ్ళలోనే. లేచి వెళ్ళి వెలుతురుకి పట్టి చూశాను. ఒక్కటంటే ఒక్కటి పడలేదు. పైగా నిన్నో ఇవాళో కన్న పిల్లలు ఓ పాతిక తల్లుల చుట్టూ గెంతుతున్నాయి. ఇవి జబ్బు పురుగులా?

జబ్బు పురుగులకి కాదు. మా నీళ్ళకి.

ఆ మాట బుర్రకెక్కగానే సీసా అక్కడే పెట్టేశాను. అలమార తీసి పెంపకం రిజిస్టరు లాగాను. జాడీల్లో నీళ్ళు ఎప్పుడు మార్చాం, తిండి ఎంత వేశాం, పిల్లలెన్ని పుట్టాయి, అన్నీ అందులోనే. నాకు కావలసిన పేజీ తొందరగానే దొరికింది. మూడేళ్ళ నాటిది. అంతకుముందు మేం డాఫ్నియాలకి నీళ్ళు తయారుచేసేవాళ్ళం. శుద్ధమైన నీళ్ళలో నాలుగు రకాల ఉప్పులు తూకం వేసి కలిపి, రాత్రంతా గాలి పట్టించి, అదో తతంగం. ఆ నెలలో నీళ్ళు శుద్ధిచేసే మిషను పాడైంది. బాగుచేసేవాడు రేపు మాపు అంటూ తిప్పుకున్నాడు. ఈలోపు నేను కింద బోరు నీళ్ళు పట్టి జాడీల్లో పోశాను. పేజీలో నా దస్తూరీ, గుండ్రటి అక్షరాలు, ఎంత సంబరంగా రాసుకున్నానో చూడండి: నేటి నుంచి బోరు నీళ్ళే. పిల్లలు రెట్టింపు పుడుతున్నాయి. అమ్మాయిలకి బాగా పడింది.

అప్పట్లో పడే ఉంటుంది. అప్పటికి బోరు మంచిదే. తర్వాత ఎగువనున్న ఫ్యాక్టరీ నేలలోంచి ఏదో కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది, మనకి రుచి తెలియనంత, వాసన రానంత. తట్టుకోలేనివి పోయాయి, తట్టుకున్నవి కన్నాయి. పదిరోజులకో తరం. మూడేళ్ళలో నూరు తరాలు. ఆ ఫ్యాక్టరీ విషాన్నే రోజూ చెంచాడు చెంచాడు తాగించి మా అమ్మాయిల్ని రాటుదేల్చి, వాటినే తెచ్చి ఆ ఫ్యాక్టరీ బురదకి జడ్జీలుగా కూర్చోబెట్టాను. ఇంకెవరో కాదు, నేను. ముద్దు చేసి పాడుచేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అయితే ఒకటుంది. నాలాంటి తెలివితక్కువవాళ్ళు ఉంటారనే ఈ పనిలో ఒక కాపలా పెట్టారు. నెలకోసారి, నారింజ రంగులో ఉండే ఒక ఉప్పుని నీళ్ళలో కలిపి, మన పురుగుల్ని ఒక రోజు అందులో వదిలి చూడాలి. లీటరుకి ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాముల దగ్గర సగం పడిపోవాలి. రెండు దగ్గర కూడా పడలేదంటే పురుగులు మొద్దుబారాయని అర్థం, వాటితో చేసిన పరీక్షలు చెల్లవు. మా ల్యాబులో ఆ నెలవారీ చెక్ మావయ్యే చేస్తాడు. నన్ను చెయ్యనివ్వడు. అది పెద్దరికం పని అంటాడు.

నిన్న మధ్యాహ్నం నేను దొంగతనంగా ఆ చెక్ పెట్టాను. లీటరుకి రెండు మిల్లీగ్రాములు, ఇరవై పురుగులు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండున్నరకి తీసి చూస్తే ఇరవైకి ఇరవై ఈదుతున్నాయి. మావయ్య రిజిస్టరు తీశాను. ప్రతి నెలా చక్కగా అంకె ఉంది. ఒకటి పాయింట్ రెండు. ఒకటి పాయింట్ మూడు. ఒకటి పాయింట్ రెండు. గడియారం కొట్టినట్టు.

అమ్ముడుపోయాడు, అనుకున్నాను. నా మావయ్య, నాకు అక్షరాభ్యాసం చేసినంత ఇదిగా కప్పు పట్టుకోవడం నేర్పిన మనిషి, ఫ్యాక్టరీకి అమ్ముడుపోయాడు. ఒంటికాలి మీద లేచాను. రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆయన గదికి వెళ్ళి మొహాన కొట్టాలని గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆఖరిసారి పేజీ చూసుకుందామని తెరిచాను, అక్కడ ఆగిపోయాను.

మొదటి ఏడాది అంకెలు గీతల మీద ముత్యాల్లా కూర్చున్నాయి. తర్వాత కాస్త పైకి తేలాయి. ఈ ఏడాదివి గళ్ళు దాటేశాయి. పోయిన నెల అంకె అంతకుముందు నెల అంకె మీద ఎక్కి కూర్చుంది. ఒకదాని మీద ఒకటి రాసేసి, రాసినట్టు తెలియనట్టు వదిలేశాడు.

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోనులో అక్షరాలు ఇటుకలంత పెట్టుకున్నాడు, వయసులే అని నవ్వాను. రిపోర్టు చదివి వినిపించమంటాడు, దర్జా ఒలకబోస్తున్నాడని వెక్కిరించాను. నాతో మాట్లాడేటప్పుడు మొహం పక్కకి తిప్పి నా చెవి వైపు చూస్తాడు, అలిగాడేమో అనుకున్నాను.

మర్యాదగా అడగొచ్చు. మావయ్యా, నీకు కళ్ళు బాగానే ఉన్నాయా అని. ఎవరైనా అలాగే అడుగుతారు. నాకు ముక్కు మీదుంటుంది కోపం, పైగా పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ దిగలేదు. గాజు గ్లాసు కడిగి, నిండా నీళ్ళు పోసి, ఏమీ వెయ్యకుండా, ఉత్త గ్లాసు తీసుకెళ్ళి, రిజిస్టరు ఆయన బల్ల మీద పెట్టి, కుర్చీలో ఉన్న ఆయన చేతికి గ్లాసు ఇచ్చాను. నెలవారీ చెక్ నేనొకసారి చేసి చూశాను మావయ్యా, లెక్క తేడా వస్తోంది, నువ్వు చూడు అన్నాను.

ఆయన గ్లాసు అందుకున్నాడు. చెయ్యి మాత్రం అదే చెయ్యి, ఎంత నెమ్మదిగా తిప్పాడో, నీళ్ళు అంచు దాటలేదు. కిటికీ వైపు తిరిగాడు. గ్లాసు వెలుతురుకి పట్టాడు. పెదవులు కదిలిస్తూ పదిహేను లెక్కపెట్టాడు. మళ్ళీ ఇంకోసారి తిప్పి, ఇంకో పదిహేను. నేను చూస్తూ నిలబడ్డాను. చెప్పు, ఖాళీగా ఉందని చెప్పు, నన్ను తిట్టు, గ్లాసు నా నెత్తిన బోర్లించు అని లోపల బతిమాలుకుంటున్నాను.

"పద్దెనిమిది ఈదుతున్నాయి," అన్నాడు. "రెండు పడ్డాయి."

"అందులో ఏమీ లేవు మావయ్యా."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెట్టిన చోట రిజిస్టరు అంచు ఉంది, గ్లాసు ఒరిగింది, నీళ్ళన్నీ ఆయన ఒళ్ళో పడ్డాయి. తుడుచుకోలేదు. నేనూ కదల్లేదు. నేను చేసిన పని ఎంత పాపిష్టిదో అప్పుడర్థమైంది, కానీ చేసేశాను.

అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ పైమాటే అట. చూపు అంచుల్లో బాగానే ఉంది, మధ్యలో పోయింది. కళ్ళ డాక్టరు ఇది మందుకి లొంగేది కాదన్నాడు. అత్తయ్యకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. సైకిలు తొక్కడం ఎప్పుడో మానేశాడట, ఇంటి దగ్గర్నుంచి నడిపించుకుంటూ వస్తున్నాడు, తాళం మాత్రం తిప్పుతున్నాడు.

"నీ మొహం చూస్తే చెవులు కనిపిస్తాయి అమ్మడూ, మొహం కనిపించదు," అన్నాడు. "ఇంక వాటినేం చూస్తాను."

మరి అంకెలు ఎలా రాశావు అని అడిగాను. ఏడుపు ఆపుకుంటూ అడిగితే అరిచినట్టు వచ్చింది. ఆయన దానికి చెప్పిన జవాబు నన్ను నిలువునా కోసింది. నువ్వు పెంచినవి కదా, తేడా ఎందుకొస్తుంది అనుకున్నాను అన్నాడు.

ఇదీ మా కథ. నేను నీళ్ళు మార్చి కూడా నిశ్చింతగా ఉన్నాను, మావయ్య నెలనెలా చెక్ చేస్తున్నాడు కదా అని. ఆయన చూడకుండా అంకె వేసి నిశ్చింతగా ఉన్నాడు, పెంచేది మేనకోడలు కదా అని. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం. ఆ నమ్మకంతో ముప్ఫై ఒక్క రిపోర్టులు ఇచ్చాం. అందులో ఏది నిజం, ఎప్పటి నుంచి అబద్ధం, ఇద్దరికీ తెలియదు.

తర్వాత రెండు గంటలు మేం పోట్లాడుకున్నదంతా రాస్తే ఈ వారం పేజీలు చాలవు. సారాంశం చెబుతాను. ఈ ఒక్క రిపోర్టు ఇచ్చేద్దాం అన్నాడు ఆయన. రేపటి నుంచి కాలేజీ పురుగులు తెచ్చుకుందాం, పాత పద్ధతిలో నీళ్ళు చేసుకుందాం, గుట్టుగా అన్నీ సరిచేసుకుందాం. ఇవాళ కాదంటే ఎందుకు కాదన్నావని అడుగుతారు. అడిగితే మూడేళ్ళూ బయటికి వస్తాయి. లైసెన్సు పోతుంది. ముప్ఫై ఏళ్ళు ఈ గదిలో గడిపాను, గుడ్డివాడై అబద్ధపు లెక్కలు రాశాడని చెప్పుకుంటారు, ఆ మాట పడలేనన్నాడు. నేను మాత్రం ఒకటే పట్టు పట్టాను. రేపు పొద్దున ఎనభై లారీలు. పోసిన బురదని క్వారీలోంచి ఎవడూ ఏరి తియ్యలేడు. ఇవాళ మన బోర్లో ఉన్నది పురుగుని చంపేంతే, మనిషినేమీ చెయ్యదు. ఆ ఎనభై లారీలు దిగాక ఎంతుంటుందో చెప్పడానికి ఏ లెక్కా లేదు. నేను సంతకం పెట్టను.

పెట్టకపోతే మానెయ్, నేను పెడతాను, లైసెన్సు నాది అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ నాతో ఆ మాట అనలేదు. టైపు చేసి పెట్టు చాలు అన్నాడు. నేను కోపం కొద్దీ ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టి, కాగితం ఆయన ముందు పడేశాను. విషప్రభావం కనబడలేదు, అని. ఆ లైను కొడుతుంటే నా వేళ్ళే నావి కానట్టు అనిపించింది.

నాలుగు కాకముందే అయిపోయిందా గారు వచ్చాడు. పాపం చెడ్డమనిషేం కాదు. ఎప్పుడూ చెమటలు కక్కుతూ, ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఉంటాడు. ఇవాళ మరీ కూర్చోను కూడా లేదు. తడిసిన ప్యాంటుతో ఉన్న మావయ్యనీ, ఎర్రబడ్డ నా కళ్ళనీ చూసి కూడా చూడనట్టు, సంచీలోంచి రిపోర్టు పెట్టుకునే కవరు తీసి చేతిలో సిద్ధంగా పట్టుకున్నాడు.

మావయ్య పెన్ను తీశాడు. మూత తీసి కాగితం మీదికి వంగాడు. పెన్ను మొన కాగితానికి ఒక వేలెడు ఎత్తున అటూ ఇటూ తిరిగింది. సంతకం పెట్టే గీత ఎక్కడుందో ఆయనకి తెలియడం లేదు. గుమాస్తా చూస్తున్నాడు. మావయ్య తల ఎత్తకుండా, మామూలు మాటలా, గీత ఎక్కడ కొట్టావు అమ్మడూ, వేలు పెట్టి చూపించు అన్నాడు.

ఒక్క వేలు. పెడితే ఆయన పరువు నిలబడుతుంది, లారీలు కదులుతాయి. పెట్టకపోతే పరాయివాడి ముందు, ఇప్పుడే, ఇక్కడే ఆయన గుట్టు తెలిసిపోతుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను భుజానేసుకుని రెండు వీధులు పరిగెత్తిన మనిషి. నా చెయ్యి ముందుకి వెళ్ళింది కూడా. వెళ్ళి, ఆగింది.

"సంతకం పెట్టేముందు అందులో ఏముందో ఒకసారి పైకి చదువు మావయ్యా," అన్నాను. "గుమాస్తాగారు కూడా వింటారు."

మొహం తిప్పి నా వైపు చూశాడు. చూశాడంటే, నా చెవి వైపు. ఆ చూపుకి నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మధ్యాహ్నం గ్లాసు చాలలేదా నీకు అన్నట్టుంది. తర్వాత కాగితం రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

గడగడా చదివాడు. తేదీ చదివాడు, ఫ్యాక్టరీ పేరు చదివాడు, పరీక్షకి వాడిన జీవి, పుట్టి ఎన్ని గంటలైంది, కప్పుకి ఎన్ని, గది చల్లదనం ఎంత. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ముప్ఫై ఏళ్ళుగా అదే నమూనా, అంతా నోటికొచ్చు ఆయనకి. నాలో ఉన్న కాస్త ఆశా ఆవిరైపోయింది. గెలిచాడు అనుకున్నాను. గుమాస్తా కవరు మూత తెరిచి దగ్గరికి జరిగాడు.

"ఫలితం," అని చదివి మావయ్య ఆగాడు.

"ఈ పరీక్ష చెల్లదు," అన్నాడు. "పరీక్షకి వాడిన జీవులు ఈ ల్యాబు బోరు నీళ్ళవల్ల మొద్దుబారి ఉన్నాయి. నెలవారీ తనిఖీ చెయ్యవలసినవాడు చూపు లేక చెయ్యలేదు. గడిచిన మూడేళ్ళలో ఈ ల్యాబు ఇచ్చిన ముప్ఫై ఒక్క రిపోర్టులు వెనక్కి తీసుకుంటున్నాం."

ఆ కాగితం మీద అందులో ఒక్క ముక్క లేదు. గుమాస్తా మెడ చాచి కాగితంలోకి చూశాడు, నా వైపు చూశాడు, మావయ్య కళ్ళలోకి చూశాడు. ఆ చూడటంలోనే ఆయనకి మొత్తం అర్థమైపోయింది. మావయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఇందాక చదివినట్టే మళ్ళీ టైపు చెయ్యమ్మా, అప్పుడు చూపిద్దువుగాని గీత అన్నాడు. నేను ఏడ్చేశాను. సిగ్గుపడలేదు, వెక్కివెక్కి ఏడ్చాను, ఏడుస్తూనే టైపు మిషను దగ్గరికి పరిగెత్తాను.

గుమాస్తా మాత్రం కదల్లేదు. ఎన్నడూ లేనిది ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతిలో కవరు నలిగిపోయింది. ఫోన్లో అంత తొందరపడే మనిషి ఇప్పుడు మాట వెతుక్కుంటున్నాడు.

"సార్, మీ రిపోర్టు ఎప్పుడూ బాగానే వస్తుంది కదా అని మావాళ్ళు రేపటి దాకా ఆగలేదు," అన్నాడు. "సోమవారం నుంచే పోస్తున్నారు. నేను బయల్దేరేసరికి క్వారీలో యాభై మూడు లారీలు దిగాయి."